రుద్దకండి, పక్కన పెట్టండి

స్కూలు పిల్లలున్న ఇంట్లో ఆయిల్ పేస్టెల్స్ డబ్బా ఒకటి ఎక్కడో ఓ చోట ఉంటుంది. పిల్లాడు అయిదో తరగతిలో ఉండగా కొన్నది. నలుపూ ఎరుపూ అరిగిపోయి, మిగతావి సగానికి విరిగి, బీరువా కింది అరలో పడి ఉంటుంది. దాంతో ఏం వేస్తారో కూడా అందరికీ తెలుసు. కాగితానికి నాలుగు వైపులా టేపు అంటిస్తారు. పసుపు, నారింజ, ఎరుపు వరసగా పూసి, వేలితో రుద్ది నునుపు చేస్తారు. దాని మీద నల్లగా రెండు కొబ్బరిచెట్లు, ఒక పడవ. టేపు పీకగానే తెల్లటి అంచుతో బొమ్మ ముచ్చటగా కనిపిస్తుంది. కాకినాడలో వేసినా కరీంనగర్‌లో వేసినా అదే సూర్యాస్తమయం.

ఈ అధ్యాయం కోసం ఆ డబ్బానే బయటికి తియ్యండి. టేపు అక్కర్లేదు. నల్ల ముక్క తీసి వేరే చోట పెట్టండి. మూడోది కాస్త కష్టం: రుద్దే వేలిని అదుపులో పెట్టుకోవాలి. ఇవి మూడూ పోగా మిగిలేది మీ కన్నూ, పాతిక రంగులూ. నూటయాభై ఏళ్ల కిందట ఫ్రాన్సులో కొందరు చిత్రకారులు ఎండనీ నీడనీ చూసిన పద్ధతిలో మీ ఊరి పొలాన్నో, డాబా మీంచి కనిపించే వీధినో వెయ్యడానికి ఆ మాత్రం చాలు. సూత్రం ఒక్కటే. రంగుని పక్క రంగులో కలిపెయ్యకుండా దాని పక్కన పెట్టాలి, పెట్టాక దాన్ని వదిలెయ్యాలి. మిగతాదంతా ఆ ఒక్క మాటకి వివరణ.

వాళ్లు ఏం చూశారు?

1874 ఏప్రిల్‌లో పారిస్‌లో, నదార్ అనే ఫొటోగ్రాఫర్ స్టూడియోగా వాడిన భవనంలో, కొందరు చిత్రకారులు సొంతంగా ప్రదర్శన పెట్టుకున్నారు. మోనే, రెన్వార్, పిసారో, సిస్లీ, దెగా, బెర్త్ మొరిసో అందులో ఉన్నారు. లె హావ్ర్ రేవులో పొద్దుపొడుపు మీద మోనే 1872లో వేసిన బొమ్మకి ‘ఇంప్రెషన్, సన్‌రైజ్’ అని పేరు. లూయీ లెరువా అనే విమర్శకుడు ఆ పేరు పట్టుకుని వాళ్లందరినీ వెక్కిరించాడు. ఆ వెక్కిరింపే ఇంప్రెషనిజం అనే పేరుగా స్థిరపడింది.

ఆయనకి కోపం ఎందుకొచ్చిందన్నది మనకి పనికొచ్చే సంగతి. అప్పటి పెద్దమనుషుల దృష్టిలో మంచి బొమ్మంటే కుంచె జాడ తెలియకుండా నునుపుగా ఉండాలి. వీళ్ల బొమ్మల్లో ఒక్కొక్క కుంచె దెబ్బా విడిగా కనిపిస్తోంది. ఇది పూర్తిచెయ్యని బొమ్మ అని విమర్శకుడి ఫిర్యాదు. కదిలే వెలుతురుని పట్టాలంటే ఇలాగే వెయ్యాలని వాళ్ల పట్టుదల. పేస్టెల్ బొమ్మని వేలితో రుద్ది నునుపు చేసినప్పుడు మనం తెలియకుండా లెరువా పక్షాన నిలబడుతున్నాం.

ఆ ప్రదర్శనకి అయిదేళ్ల ముందు మోనే ‘మ్యాగ్‌పై’ అనే బొమ్మ వేశాడు. మంచు కప్పిన పొలం, తడక గేటు మీద ఒంటరిగా ఒక పిట్ట. తెల్లటి మంచు మీద కంచె నీడ నీలంగా పడి ఉంటుంది. 1869లో పారిస్ అధికారిక ప్రదర్శన అయిన సలోన్ వాళ్లు దాన్ని తిప్పి పంపారు. ఇప్పుడది పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. నీలం నీడ మోనే ఊహించి వేసింది కాదు. ఎండ తగిలిన చోటికి సూర్యుడి నుంచి పసుపు ఛాయ వెలుతురు వస్తుంది. నీడకి అది అందదు. కానీ పైనున్న ఆకాశమంతా తన నీలాన్ని ఆ నీడ మీదికి దించుతూనే ఉంటుంది. ఎండగా ఉన్న రోజు సాయంత్రం నాలుగున్నరకి సున్నం వేసిన గోడ మీద చెట్టు నీడని ఒక్క నిమిషం ఆగి చూడండి. బూడిద రంగు అనుకున్నది నీలంలోకి తిరుగుతుంది.

రెండో సంగతి రంగుల కొట్లాట. పారిస్‌లో గోబెలిన్ అద్దకపు శాలకి మిషెల్ యూజెన్ షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త పెద్దగా ఉండేవాడు. మీ నల్ల దారం నల్లగా కనబడటం లేదని ఫిర్యాదులొచ్చాయి. పరీక్షిస్తే రంగులో లోపం లేదు. పక్కన నేసిన రంగులు ఆ నలుపుని మార్చేస్తున్నాయి. ఏ రంగైనా పక్కనున్న రంగుని బట్టి కనిపిస్తుందని ఆయన 1839లో పుస్తకమే రాశాడు. ఇంప్రెషనిస్టుల కాలానికి ఆ మాట చిత్రకారుల్లో బాగా పాకింది. చీరల కొట్లో కూర్చున్న వాళ్లకి దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. మామిడిపండు పసుపు చీరకి వంకాయరంగు అంచు వేస్తే రెండూ లేచి కూర్చుంటాయి. అదే పసుపుకి లేత నారింజ అంచు వేస్తే చీర మొత్తం చప్పబడుతుంది. పసుపుకి ఊదా, నీలానికి నారింజ, ఎరుపుకి ఆకుపచ్చ. ఈ మూడు జంటలూ గుర్తుంచుకుంటే ఈ అధ్యాయానికి కావలసిన రంగుల శాస్త్రం పూర్తయినట్టే.

చేతిలో ఉన్నది ఏమిటి?

నిజానికి 1874 నాటి వాళ్లెవరూ ఆయిల్ పేస్టెల్ చూడలేదు. దెగా వాడినవి సుద్దలా రాలే పొడి పేస్టెల్స్. ఆయిల్ పేస్టెల్స్ 1925లో జపాన్‌లో సకురా కంపెనీ ‘క్రేపాస్’ పేరుతో తెచ్చినవి, అవీ స్కూలు పిల్లల కోసం. పెద్ద చిత్రకారుల అవసరానికి తగ్గవి పారిస్‌లో 1949లో వచ్చాయి. పికాసో కోసమని హెన్రీ గోట్జ్ అనే చిత్రకారుడు అడిగితే హెన్రీ సెనెల్యే తయారుచేశాడు.

ముక్కలో ఉండేది రంగు పొడి, మైనం, ఎండని నూనె. తైలవర్ణాల్లో వాడే అవిసె నూనె గాలి తగిలి గట్టిపడుతుంది. ఇందులో నూనె గట్టిపడదు. అందుకని ఆయిల్ పేస్టెల్ బొమ్మ ఎన్నాళ్లయినా పూర్తిగా ఆరదు. దీనివల్ల ఒక లాభం, ఒక నష్టం. నిన్నటి బొమ్మ మీద ఇవాళ కూడా పనిచెయ్యవచ్చు. మోచెయ్యి తగిలితే మాత్రం నెల కిందటి బొమ్మ కూడా చెదురుతుంది.

ముక్క మొన వేలంత లావు. దాంతో ఆకు ఈనె గియ్యలేం, కిటికీ ఊచలు గియ్యలేం. మొదట్లో ఇది చిరాకు పుట్టిస్తుంది. చిన్న వివరాల దారి మూసుకుపోయాక ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే: ఇక్కడ ఏ రంగు? మనకి కావలసింది కూడా ఆ ప్రశ్నే. ఇక మోసుకెళ్లే సంగతికొస్తే, 1841లో జాన్ గాఫ్ రాండ్ తగరపు ట్యూబుకి పేటెంటు తీసుకున్నాకే తైలవర్ణాలు సంచిలో వేసుకుని పొలాల్లోకి వెళ్లడం సులువైంది. మీ పనైతే ఇంకా తేలిక. కుంచెలు కడిగేది లేదు, టర్పెంటైన్ సీసా మోసేది లేదు.

రుద్దితే పోయేది ఏమిటి?

రుద్దడం దానికదే తప్పేమీ కాదు. పొగమంచుకీ, చాలా దూరంగా ఉన్న కొండకీ అది పనికొస్తుంది. చిక్కంతా అది అలవాటుగా మారినప్పుడే. నారింజ పక్కన నీలం పెట్టారనుకోండి. రెండూ కొట్లాడుకుంటాయి, చూసేవాడి కన్ను అక్కడ ఆగుతుంది. రెండడుగులు వెనక్కి వేస్తే అవే సర్దుకుని గాలిలా, వెలుతురులా కనిపిస్తాయి. వాటినే వేలితో రుద్దితే మట్టిరంగు వస్తుంది. ఆ మట్టిరంగు దగ్గర్నుంచి చూసినా దూరం నుంచి చూసినా మట్టిరంగే.

ఇందులో బొమ్మకి మించిన సంగతి కూడా ఒకటుంది. రుద్దే వేలు చాలాసార్లు తేల్చుకోలేక కదులుతుంది. ఈ నీడ ఊదానా, నీలమా అని గట్టిగా చెప్పలేనప్పుడు రెండూ కలిపేసి నునుపు చేస్తాం. తప్పు కనబడదు. ఒప్పూ కనబడదు. ముక్క పెట్టి చెయ్యి తీసేసినవాడు మాత్రం ఒక మాట మీద నిలబడ్డాడు. అది తప్పైతే పక్కన ఇంకో రంగు పెట్టి సరిచేస్తాడు. ఒక బొమ్మలో ఇలాంటి నిర్ణయాలు వందల్లో ఉంటాయి. ఒక్కోటీ చిన్నదే, ప్రాణం మీదికి వచ్చేది ఒక్కటీ లేదు. తేల్చుకోవడం అభ్యాసం చెయ్యడానికి ఇంతకంటే చవకైన బడి దొరకదు.

సరంజామా

పాతిక రంగుల స్కూలు డబ్బాతో మొదలుపెట్టవచ్చు. చెయ్యి కుదిరాక తెలుపు, మీగడ రంగు, లేత ఊదా, గులాబీ, ఆవపూవు పసుపు కాస్త మేలు రకంవి విడిగా కొనుక్కోండి. మెత్తటి ముక్క గట్టి ముక్క పూత మీద చక్కగా ఎక్కుతుంది. గట్టి ముక్కని మెత్తటి పూత మీద పెడితే కింది రంగుని గీరుకుపోతుంది. అందుకని స్కూలు రకం ముందు, మేలు రకం తర్వాత.

కాగితం గరుకుగా, మందంగా ఉండాలి. డ్రాయింగు పుస్తకం నున్నటి కాగితం మీద రెండో పూతకే ముక్క జారిపోతుంది. స్టేషనరీ కొట్లో పేస్టెల్ షీట్ అని అడగండి. తెలుపు వద్దు. లేత గోధుమ, బూడిద, మట్టిరంగుల్లో ఏదో ఒకటి తీసుకోండి. గీతల మధ్య ఆ కాగితం రంగు తొంగిచూస్తూ బొమ్మనంతా ఒక తాటి మీదికి తెస్తుంది. తెల్ల కాగితమైతే సందుల్లోని తెలుపు కంట్లో గుచ్చుకుంటుంది. సైజు ఏ4 చాలు.

ఇవి కాక పాత బనియన్ గుడ్డ ఒకటి, అగ్గిపుల్లలు నాలుగు, కాగితం బిగించుకోవడానికి పరీక్షల అట్ట. పాత పెళ్లి శుభలేఖ ఒకటి తీసుకుని మధ్యలో చిన్న దీర్ఘచతురస్రం కత్తిరించండి. అదే మీ కిటికీ. దాన్ని కంటి ముందు పెట్టుకుని అటూ ఇటూ జరుపుతుంటే ఏది వెయ్యాలో, ఏది వదలాలో తెలుస్తుంది.

మే నెలలో మన ఎండకి ముక్కలు మైనపుముద్దలవుతాయి. పొద్దున్నే వెయ్యండి. లేదా డబ్బాని కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి తియ్యండి. చేతికంటిన రంగుకి కొబ్బరినూనె రాసి, గుడ్డతో తుడిచి, తర్వాత సబ్బు పెట్టండి.

ఒక గడ్డివాము, మొదటి నుంచి చివరిదాకా

మోనే 1883లో జివెర్నీ అనే పల్లెకి మకాం మార్చాడు. 1890 చివర్లో, 1891 మొదట్లో ఇంటి పక్క పొలంలోని గోధుమ కుప్పల్ని సుమారు పాతిక బొమ్మలు వేశాడు. వెలుతురు మారినప్పుడల్లా చేతిలో కాన్వాసు పక్కన పెట్టి, ఆ వెలుతురుకి సరిపోయేది అందుకునేవాడు. వాటిలో పదిహేనింటిని 1891 మేలో ద్యురాఁ-రువెల్ గ్యాలరీలో ప్రదర్శనకి పెట్టారు. పదిహేను బొమ్మల్లోనూ వస్తువు అదే, గంట వేరు, ఋతువు వేరు.

సంక్రాంతి దాటాక మన డెల్టా ఊళ్లలో, వరి పండే ఏ ఊళ్లోనైనా, గడ్డివాములు అలాగే నిలబడి ఉంటాయి. ఆకారం తేలిక, కదలదు, ఎవరూ అభ్యంతరం చెప్పరు. సాయంత్రం నాలుగున్నరకి పొలం గట్టు మీద, సూర్యుడు మీకు ఒక పక్కన ఉండేలా కూర్చోండి. వాముకి ఒక వైపు ఎండ, ఒక వైపు నీడ కనబడాలి. మీకున్నది గంట లోపే.

మొదట హద్దులు. పెన్సిలు వద్దు, దాని సీసం పేస్టెల్‌లో కలిసి రంగుని మాపుతుంది. లేత నీలం ముక్కతో వాము ఎక్కడ, నేల గీత ఎక్కడ అని నాలుగైదు గీతలు చాలు. వాముని సరిగ్గా నడిమధ్య పెట్టకండి. నీడ పడిన వైపు ఎక్కువ చోటు వదలండి, ఎందుకంటే సాయంత్రం నీడ వాముకంటే పొడుగు.

ఇప్పుడు కళ్లు సగం మూసి చూడండి. గడ్డిపరకలు మాయమై ఆరు మచ్చలు మిగులుతాయి: ఆకాశం, దూరపు చెట్ల వరస, వాము ఎండ వైపు, వాము నీడ వైపు, నేల, నేల మీద పడిన నీడ. బొమ్మంటే ఈ ఆరే. ఏడోది కనిపించినా ఇప్పుడు వద్దు.

తొలి పూత తేలిక చేత్తో. ముక్క చుట్టూ ఉన్న కాగితం పీకేసి, సగానికి విరిచి, పక్కవాటుగా పడుకోబెట్టి లాగండి. సగం కాగితం ఇంకా కనబడుతూ ఉండాలి. చివరికి ఏ రంగు రావాలో ఆ రంగు ఇప్పుడే వెయ్యకండి. ఎండ వైపు గులాబీ, నీడ వైపు ఊదా, నేలకి ఇటుక రంగు, చెట్ల వరసకి బూడిద నీలం, ఆకాశం కింది భాగానికి మీగడ రంగు. ఈ దశలో బొమ్మ విచిత్రంగా ఉంటుంది. ఉండనివ్వండి.

తర్వాత అన్నిటికంటే ముదురు చోటు వెతకండి. వాము నేలని తాకే మూల, నీడ వైపున. నలుపు లేదు కాబట్టి ముదురు నీలం, దాని పక్కనే ముదురు గోధుమ రంగు, కాస్త నొక్కి పెట్టండి. రెండూ కలిసి డబ్బాలోని నలుపుకంటే లోతుగా కనబడతాయి. నల్ల ముక్క పెట్టి ఉంటే అక్కడ కాగితానికి చిల్లు పడినట్టుండేది.

ఇప్పుడు నీడ వైపు. ఈ అధ్యాయంలో అన్నిటికంటే ఎక్కువసేపు చూడవలసిన చోటు ఇదే. పైభాగం ఆకాశానికి ఎదురుగా ఉంటుంది, అందుకని అక్కడ ఊదాలో నీలం ఎక్కువ. కిందికి వస్తున్నకొద్దీ ఎండ తగిలిన నేల తన వేడి రంగుని పైకి చిమ్ముతుంటుంది. నీడలోనే ఇటుక రంగు, కమిలిన నారింజ కనిపిస్తాయి. ముందు పొట్టి నీలం గీతలు పెట్టండి, వాటి సందుల్లో అక్కడక్కడా నారింజ. గడ్డి ఎటు వేలాడుతోందో గీత అటు దిగాలి. ఒక గీత పెట్టాక ముక్క మొనని గుడ్డకి తుడవండి, లేకపోతే కింది రంగు దానికంటుకుని తర్వాతి గీతని మురికి చేస్తుంది. తుడుచుకోవడానికి పట్టే ఆ అర నిమిషమే తర్వాతి రంగు గురించి ఆలోచించుకునే సమయం.

ఎండ వైపు ఆవపూవు పసుపు, నారింజ. కిందనున్న గులాబీని పూర్తిగా కప్పెయ్యకండి. సూర్యుడికి ఎదురుగా ఉన్న అంచు ఒక్కటీ అన్నిటికంటే వెలుగు. దానికి తెలుపు కలిసిన నిమ్మపండు పసుపు గట్టిగా నొక్కి, ఒక్కసారి, ఒక్క గీత. రెండోసారి దాని మీదికి వెళ్తే మెరుపు చస్తుంది.

నేల మీద కొయ్యకాళ్లున్నాయి. దగ్గరివి నిలువుగా, పెద్ద గీతలుగా. దూరమవుతున్నకొద్దీ గీతలు పొట్టిగా, అడ్డంగా మారాలి. పొడుగాటి నీడని లేత నీలం, ఊదాలతో అడ్డంగా నడిపించండి. అది కొయ్యకాళ్ల మీదుగా వెళ్తుంది కాబట్టి అంచు తిన్నగా ఉండదు.

ఆఖరున ఆకాశం. నేలకి దగ్గరగా మీగడ రంగు, లేత గులాబీ. పైకి వెళ్తూ లేత నీలం. వాము అంచు లావుగా వచ్చిందనిపిస్తే చెరపక్కర్లేదు, ఆకాశం రంగుని అంచు మీదికి తోస్తే వాము సన్నబడుతుంది. దారి తప్పిన రెండు మూడు గడ్డిపరకలు కావాలంటే అగ్గిపుల్లతో పూతని గీరండి. కింది గులాబీ బయటపడుతుంది. మూడుకి మించి గీరకండి.

లేచి నిలబడి, అట్టని గట్టుకి ఆనించి, ఆరడుగుల దూరం నుంచి చూడండి. దగ్గర గందరగోళంగా ఉన్నది అక్కడ కుదురుకుంటుంది. ఈ బొమ్మని చూడవలసిన దూరం అదే.

పొలం అందుబాటులో లేని వాళ్లకి డాబా మీది నీళ్ల ట్యాంకు ఉంది. గుండ్రటి ఆకారం, ఒక వైపు ఎండ, ఒక వైపు నీడ, నేల మీద పొడుగాటి నీడ. నల్ల ట్యాంకైతే ఇంకా మంచిది. నల్లటి వస్తువు మీద సాయంత్రం ఎన్ని రంగులుంటాయో చూశాక డబ్బాలోని నల్ల ముక్క మీద మోజు తగ్గుతుంది.

చెట్టు, పచ్చదనం, నీళ్లు

చెట్టుని ఆకులుగా చూడొద్దు, గుబుర్లుగా చూడండి. ప్రతి గుబురుకీ పైన ఎండ, కింద నీడ. గుబుర్ల మధ్య నుంచి ఆకాశం కనిపించే సందులుంటాయి. వాటిని చివర్లో లేత రంగుతో, ఒక్కో నొక్కుతో పెట్టండి. నాలుగు సందులు సరైన చోట పడితే చెట్టు గాలి పీలుస్తుంది. సందుల్లో పెట్టే నీలం బయటి ఆకాశంకంటే కొంచెం ముదురుగా ఉంటే నమ్మేటట్టుంటుంది.

డబ్బాలోని ఆకుపచ్చ ప్లాస్టిక్ బిందెలా అరుస్తుంది. దాన్ని అణచడానికి కింద ముందే నారింజో, ఇటుక రంగో పూయండి. లేదా ఆకుపచ్చని పక్కన పెట్టి నీలం గీతలూ పసుపు గీతలూ పక్కపక్కన వెయ్యండి. దూరపు తాటిచెట్లలో పచ్చదనం దాదాపు ఉండదు, బూడిద నీలం ఉంటుంది. వరిచేలో దగ్గరి భాగం పసుపుకీ, దూరపు భాగం నీలానికీ జరుగుతుంది. ఈ ఒక్క తేడా పట్టుకుంటే కాగితంలో లోతు వస్తుంది.

కాలవ నీళ్లలో కనిపించే నీడల్ని ముందు నిలువుగా వెయ్యండి. తర్వాత వాటి మీద లేత రంగుతో కొన్ని అడ్డగీతలు. నిలువు గీత ప్రతిబింబాన్ని చెబుతుంది, అడ్డగీత నీటి పైపొరని చెబుతుంది. ప్రతిబింబంలో వెలుగు కాస్త తగ్గుతుంది, ముదురు కాస్త తేలుతుంది.

ఫోన్లో ఫొటో తీసుకుని ఇంట్లో వేద్దామనిపిస్తుంది. ఏ చెట్టు ఎక్కడుందో గుర్తుకి ఫొటో పనికొస్తుంది. రంగుకి దాన్ని నమ్మకండి. ఎండ ఎక్కువున్న దృశ్యంలో కెమెరా నీడల్ని నల్లబరుస్తుంది. ఊదానీ నీలాన్నీ మీ కన్ను పట్టినట్టు అది పట్టదు. రంగుల పేర్లు అక్కడే ఓ చీటీ మీద రాసుకుని తెచ్చుకోండి.

బయట కూర్చుని వెయ్యడం మనకి కొత్త కాదు. రాజమండ్రిలో దామెర్ల రామారావు (1897–1925) చిన్న జీవితంలోనే మనుషుల బొమ్మలతో పాటు ప్రకృతి దృశ్యాలు కూడా వేశాడు. ఆ ఊళ్లో ఆయన పేరిట గ్యాలరీ ఉంది. తెనాలి దగ్గర తుమ్మపూడి పల్లెటూళ్లో బతికిన సంజీవదేవ్ పేస్టెల్స్‌తో ప్రకృతి దృశ్యాలు వేశారు. ఇద్దరి దారీ ఇంప్రెషనిజం కాదు. కానీ బొమ్మకి సరిపడా వెలుతురు సొంత ఊళ్లోనే ఉందనడానికి ఇద్దరూ సాక్ష్యం.

చిక్కులు, విరుగుళ్లు

బొమ్మంతా మురికిగా వస్తోంది. ముక్క తుడవడం మరిచిపోతున్నారు, లేదా ఒకే చోట మూడు పూతలు దాటుతున్నారు. మురికైన చోటుని పాత బ్లేడు అంచుతో మెల్లగా గీకి, కాగితం తేలాక మళ్లీ పెట్టండి.

రంగు ఎక్కడం లేదు, జారుతోంది. కాగితం గరుకు నిండిపోయింది. తొలి పూతలోనే గట్టిగా నొక్కేశారు. తొలి పూతకి చెయ్యి బరువు మాత్రమే, ఆఖరి పూతకి భుజం బరువు.

రంగులు బాగున్నాయి, బొమ్మ మాత్రం చప్పగా ఉంది. ముదురుకీ వెలుగుకీ తేడా చాలలేదు. బొమ్మని ఫోన్లో నలుపు-తెలుపులో తీసి చూడండి. వాము ఎండ వైపూ నీడ వైపూ ఒకే బూడిదలో కలిసిపోతే, నీడని ఇంకో మెట్టు దించాలి.

ఎక్కడ ఆపాలో తెలియడం లేదు. ఆరు మచ్చలూ వేటికవి విడిగా తెలుస్తున్నాయా? అన్నిటికంటే వెలుగైన చోటు ఒక్కటే ఉందా? రెండింటికీ అవునంటే ముక్కలు డబ్బాలో పెట్టెయ్యండి. ఖాళీ కాగితం అక్కడక్కడా కనబడుతోందని మళ్లీ తెరవకండి.

భద్రం చెయ్యడం ఎలా? ఆరని బొమ్మ కాబట్టి పైన బటర్ పేపర్ వేసి, బరువు పెట్టకుండా దాచండి. ఫ్రేము కట్టిస్తే అద్దం తప్పనిసరి. అద్దం రంగుని తాకకుండా మధ్యలో మందపాటి మౌంటు పెట్టమని చెప్పండి. స్కూలు రకం రంగుల్లో కొన్ని ఎండకి వెలిసిపోతాయి, నేరుగా ఎండ పడే గోడ వద్దు.

ఈ వారం పని

మొదటి రోజు కాగితం మీద ఒకే పసుపుతో నాలుగు చిన్న గళ్లు నింపండి. ఒక దాని చుట్టూ ఊదా, రెండో దాని చుట్టూ బూడిద, మూడో దాని చుట్టూ నారింజ, నాలుగో దాని చుట్టూ ఆకుపచ్చ పూయండి. నాలుగు పసుపులూ ఒకటేనా అని చూడండి.

రెండో రోజు బొమ్మ వెయ్యొద్దు. మీ గడ్డివాము దగ్గరికో ట్యాంకు దగ్గరికో వెళ్లి, ఆరు మచ్చలకీ ఏ రంగు పెడతారో చీటీ మీద రాసుకోండి. నీడ దగ్గర బూడిద అనో నలుపు అనో రాస్తే కొట్టేసి మళ్లీ చూడండి.

మిగతా రోజుల్లో అదే వస్తువుని అదే చోట కూర్చుని మూడుసార్లు వెయ్యండి: పొద్దున ఏడింటికి, మిట్టమధ్యాహ్నం, సాయంత్రం అయిదింటికి. ఒక్కోదానికీ నలభై నిమిషాలకి మించి ఇవ్వకండి. మధ్యాహ్నం బొమ్మ అన్నిటికంటే కష్టం, నీడ కుంచించుకుపోతుంది, రంగులు తెల్లబోతాయి. దాన్ని ఎగ్గొట్టకండి.

మూడూ అయ్యాక గోడకి వరసగా అంటించి, ఇంట్లో ఎవరినైనా పిలవండి. బాగున్నాయా అని అడగకండి, మొహమాటానికి అందరూ బాగున్నాయనే అంటారు. ఏది ఏ వేళప్పటిది అని అడగండి. అమ్మో, అన్నయ్యో, పక్కింటి పిల్లో తడుముకోకుండా ఇది పొద్దున, ఇది మధ్యాహ్నం, ఇది సాయంత్రం అని చెప్పేస్తే మీరు వెలుతురుని వేసినట్టు. వాము కాస్త వంకరగా వచ్చినా పర్వాలేదు. రెండు బొమ్మల దగ్గర తడబడితే ఆ రెంటిలో నీడల రంగు ఒకటే వేసి ఉంటారు. ఆ రెండు వేళల్లోనూ మళ్లీ వెళ్లి, ఈసారి నీడ ఒక్కదాన్నే చూసి రండి.